మోకాళ్ళ కోసం ప్రార్థన

ఆ వేసవిలో మా సంఘమంతా కలిసి మా అమ్మ మోకాళ్ళ కోసం ప్రార్థన చేసింది. అమ్మ మోకాళ్ళకు ఏ రోగమూ లేదు.

కృష్ణానగర్‌లో మేముండే రెండు గదుల్లో ఒక బుధవారం ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ఒకటే ఫ్యాను, గదినిండా జనం. పాస్టరుగారు చేతులు పైకెత్తి, "ప్రభువా, నీ దాసురాలు తెరెసమ్మ మోకాళ్ళను ముట్టండి తండ్రీ, ఆ కీళ్ళను బలపరచండి" అని గొంతెత్తుతుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అమ్మే. నేను కళ్ళు తెరిచి ఆవిడ వంకే చూస్తున్నాను. ఆవిడ కూడా ఒక కన్ను తెరిచి, నోరు విప్పావంటే చూడు అన్నట్టు నన్నొక చూపు చూసింది. ఆ పక్కనే మా నాన్న సుందర్ రాజు, భార్య మోకాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు. అసలు సంగతి ఆ గదిలో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. దేవుడికి కూడా తెలిసే ఉండాలి గానీ, అంతమంది మధ్యలో ఆయన మాత్రం ఏం చెప్పగలడు!

అమ్మది సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని. షాటుకూ షాటుకూ మధ్య కొంగులు సర్దడం, పిన్నులు పెట్టడం, చిరిగినదాన్ని కెమెరాకు కనపడకుండా కుట్టెయ్యడం. నా చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరి చేతికిందే చేసింది. ఆ మార్చిలో కాస్ట్యూమర్ ఆదినారాయణగారు ఒక రాజుల కాలం సినిమాకు ఆడవేషాల దుస్తులన్నీ మొదటిసారి అమ్మకు అప్పగించారు. రాణులు, చెలికత్తెలు, నాట్యగత్తెలు అందరూ అమ్మ చేతిమీదే తయారవ్వాలి. జూన్ మొదట్లో అవుట్‌డోర్ షెడ్యూలు. టైటిల్స్‌లో పేరు కూడా వేస్తామన్నారు. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి పాయసం వండింది.

సరిగ్గా అప్పుడే నాకు సంగతి తెలిసింది. నేను ఫిల్మ్‌నగర్‌లోనే ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాను. మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఇద్దామని కాస్ట్యూమ్స్ గోడౌనుకు వెళ్తే, అమ్మ ఒక ఇనుపట్రంకు పక్కన గొంతుకూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. లేవడం లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. తలుపు వెయ్యి."

తలుపు వేశాను. గోడవైపు తిరిగి, నాకు కాదు గోడకే చెబుతున్నట్టు చెప్పింది. "కింద ఏదో జారి బయటికొచ్చినట్టుంటుందే. పొద్దున లేచేసరికి ఉండదు. బరువెత్తితే వస్తుంది, సాయంత్రానికి వస్తుంది. చేత్తో లోపలికి తోసుకుంటాను."

"తోసుకుంటావా? డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా తోసుకుంటావా?"

"గట్టిగా అరవకు కెజియా. బయట కుర్రాళ్ళున్నారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ మధ్యే," అంది. ఆవిడ అబద్ధం చెప్పేటప్పుడు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. అప్పుడూ సర్దుకుంది.

నాన్నకు చెప్పనని నా చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది. లేవలేక అవస్థ పడటం నాన్న ఎలాగూ చూస్తున్నాడు కాబట్టి, ఆయన అడిగితే మోకాళ్ళని చెప్పిందట. ఆయన నమ్మేశాడు. నమ్మడమేనా? బజారుకు పోయి నూనె తెచ్చాడు, మోకాళ్ళకు తొడుక్కునే పట్టీలు తెచ్చాడు, తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. రోజూ భోజనాలయ్యాక ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె మర్దన చేసేవాడు. ఆవిడ గోడకు ఆనుకుని టీవీ చూస్తూ, "కొంచెం ఎడం వైపు" అనేది. నేను ఆ మూల కంచం కడుగుతూ పళ్ళు నూరుకునేదాన్ని. అంత ప్రేమగా అంత తప్పుచోట మందు రాసే మనిషిని చూస్తే జాలిపడాలో, తిట్టాలో తెలిసేది కాదు.

డాక్టరు అంటే ఒప్పుకోదు. సరే, ఊరుకుందా అంటే అదీ లేదు. సొంత వైద్యం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళుగా వదులైనదాన్ని బిగించడమే ఆవిడకు తెలిసిన విద్య. సైనికుల వేషాలకు నడుముకు కట్టే వెడల్పాటి కాన్వాసు పట్టీ ఉంటుంది. అలాంటిదే తన కొలతకు కుట్టుకుని, వెనక మూడు వరసల హుక్కులు పెట్టుకుంది. పొద్దున్నే ఊపిరి బిగబట్టి, "వెనక్కి లాగి పెట్టవే" అని నా ముందు నిలబడేది.

"ఇది కడితే ఆగుతుందా?"

"బిగిస్తే ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోతుందో నెల తిరక్కుండానే తెలిసింది. మధ్యాహ్నానికే జారడం మొదలైంది. దగ్గితే చీర తడుస్తోంది. సెట్లో హీరోకు, హీరోయిన్‌కు బాత్రూములున్న వ్యాన్లున్నాయి గానీ, యూనిట్‌లో ఆడవాళ్ళు ఒంటేలుకు పోవాలంటే పక్క ఫ్లోరు దాకా నడవాలి. అందుకని అమ్మ నీళ్ళు తాగడం మానేసింది. ఏప్రిల్ ఎండలో! నీళ్ళు లేక మలబద్ధకం, దానికి ముక్కడం, ముక్కినకొద్దీ ఇంకా కిందికి. నేను ఫోన్లో చదివి చెబితే, "నీ ఫోనుకేం తెలుసు నా ఒళ్ళు సంగతి" అనేది.

ఈలోగా కింద ఇంటి ఓనరు కౌసల్యమ్మ కనిపెట్టేసింది. డాబా మీద రోజూ అన్నన్ని పాత గుడ్డముక్కలు ఆరేస్తుంటే ఆవిడకు తెలియకుండా పోతుందా? మెట్లమీద మమ్మల్ని ఆపి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏంది తెరెసా, సంచి జారిందా?"

అమ్మ నేల చూపులు చూసింది.

"గింతదానికి గట్ల ముడుచుకుంటవేంది? తీపిచ్చుకో, పాయె. నాకు ముప్పై ఐదేండ్లప్పుడే తీసేసిండ్రు. మా చెల్లెకు తీసేసిండ్రు. మా ఆడిబిడ్డకు తీసేసిండ్రు."

"వాళ్ళకి కూడా జారిందాండీ?" అని అడిగాను.

"లేదు బిడ్డా. ఊకెనే, కడుపు నొస్తుంది అంటే తీసేసిండ్రు."

దీంతో అమ్మకు కొత్త భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళిందంటే కోసేస్తారు. కోశారంటే మూడు నెలలు మంచం. మంచమెక్కిందంటే జూన్ షెడ్యూలు పోయినట్టే. అందుకని ఆ హుక్కులకు ఇంకో వరస జోడించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నేను పట్టీ లాగనని మొండికేస్తే, ఆవిడే చేతులు వెనక్కి పెట్టుకుని, ఆయాసపడుతూ, తిట్టుకుంటూ బిగించుకుని వెళ్ళిపోయింది.

మే రెండో వారంలో సెట్లో చలిజ్వరం వచ్చి పడిపోయింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఇక నేను ఒక్క మాట కూడా వినదలచుకోలేదు. ఆటో ఎక్కించి శ్రీనగర్ కాలనీలో డాక్టర్ ఉదయశ్రీ దగ్గరికి తీసుకుపోయాను. నాన్నకు ఇన్‌ఫెక్షన్ అని చెప్పాం. అది నిజమే కాబట్టి ఆ ఒక్కరోజు నాకు తేలిగ్గా అనిపించింది.

డాక్టరుగారు పరీక్ష చేసొచ్చి, చేతులు కడుక్కుని, అమ్మ ఒంటిమీద నుంచి విప్పించిన ఆ పట్టీని రెండు వేళ్ళతో పైకెత్తి చూశారు.

"ఇదేంటమ్మా?"

"నేనే కుట్టుకున్నానండీ. జారకుండా."

"కుట్టు చాలా బాగుంది. కానీ పైన ఇంత బిగిస్తే లోపలున్నవి ఎటు పోతాయి? కిందికే కదా. మీరు ఆపుతున్నాననుకుని రోజూ తోస్తున్నారు."

అమ్మ ముఖం ఎర్రబడింది. పనిలో తప్పు పట్టించుకోవడం ఆవిడకు అలవాటు లేదు.

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని నింపాదిగా చెప్పారు. పొత్తికడుపు అడుగున కండరాలు ఉయ్యాలలాగా పరుచుకుని, మూత్రాశయాన్నీ గర్భసంచినీ పేగు చివరనూ మోస్తుంటాయట. కాన్పుల్లో అవి సాగుతాయి. ముట్లు ఆగిపోయాక బలం తగ్గుతుంది. బరువులు, ముక్కడం, ఏళ్ళ తరబడి దగ్గు తోడైతే పట్టు వదిలేస్తాయి. అమ్మకు గర్భసంచీ, దాని ముందున్న మూత్రాశయం, రెండూ దిగాయి.

"క్యాన్సరా అండీ?" అంది అమ్మ. ఇన్నాళ్ళూ ఆ మాట ఆవిడ కడుపులో ఉందని నాకు తెలియనే తెలియదు.

"కాదు. దీనివల్ల ప్రాణానికేం కాదు. చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పరంతే."

"తీసేస్తారా?"

"తీసెయ్యాలని ఎవరన్నారు? ఆపరేషను ఒక దారి. అందులోనూ సంచి ఉంచి పైకి కట్టే పద్ధతులున్నాయి. అది మీకు వీలైనప్పుడు, మీరు కావాలంటేనే. ముందు రింగు పెట్టి చూద్దాం. మెత్తటి సిలికాన్ రింగు, లోపల ఆనుకుని జారకుండా ఆపుతుంది. రాత్రిళ్ళు రాసుకోవడానికి ఒక క్రీము ఇస్తాను. కండరాలు బిగబట్టి వదిలే వ్యాయామం మా సిస్టర్ నేర్పిస్తుంది. నీళ్ళు బాగా తాగాలి."

రింగు పెట్టించుకుని ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున బాత్రూములోంచి కేక. జారి పడిపోయింది. అమ్మ దాన్ని కడిగి, గుడ్డలో చుట్టి, బీరువాలో చీరల అడుగున పెట్టేసింది.

"చూశావా? దేవుడికిష్టం లేదు."

"దేవుడు మోకాళ్ళ పనిలో ఉన్నాడమ్మా! ఆయన్ని ఇందులోకి లాగకు!"

ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. కౌసల్యమ్మ కింద నుంచి "ఏమైంది బిడ్డా" అని పిలిచింది. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి మాత్రం ఇద్దరం పక్కపక్కనే, ముంగుల్లాగా ఆటోలో కూర్చుని వెళ్ళాం.

"సైజు చిన్నదైంది," అన్నారు డాక్టరుగారు తేలిగ్గా. "మొదటిసారే సరిపోవడం తక్కువ. రెండుమూడు మార్చి చూస్తాం."

అమ్మ తలెత్తింది. "అంటే ట్రయలా అండీ?"

"ట్రయలే."

"ఆ ముక్క మొన్ననే చెప్పొచ్చు కదండీ!"

అప్పటినుంచి అక్కడ పేషెంటు ఎవరో, డాక్టరు ఎవరో తెలియలేదు. అమ్మ కొత్త రింగుతో వరండాలో అటూ ఇటూ నడిచింది. గొంతుకూర్చుంది, లేచింది, చేతులు పైకెత్తింది, దగ్గింది. కొత్త దుస్తులు తొడిగి హీరోయిన్ల చేత చేయించేవన్నీ తను చేసింది. లోపలికెళ్ళి, "ఇది బిగువండీ, కూర్చుంటే ఒత్తుతోంది, మధ్య సైజు లేదా?" అని అడిగింది. ఉంది. దాంతో మళ్ళీ నడక, మళ్ళీ దగ్గు. వరండా చివర ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను దగ్గరికి పరిగెత్తాను.

"జారిందా?"

"లేదే," అంది. "ఏమీ తెలియట్లేదు. అసలేమీ తెలియట్లేదు." నాకు ఏడుపొచ్చింది. వరండాలో కూర్చున్నవాళ్ళు చూస్తున్నా సరే, ఏడ్చాను.

వచ్చేముందు అమ్మ అడగాల్సింది అడిగింది. "అవుట్‌డోర్ వెళ్ళొచ్చా అండీ?"

"నిక్షేపంగా వెళ్ళండి. ట్రంకులు మాత్రం ఎత్తకూడదు. ఇక ఎప్పటికీ ఎత్తకూడదు. మూడు నెలలకోసారి నాకు కనపడండి."

రెండు వారాలు అంతా బాగానే సాగింది. అమ్మ సీసా పక్కన పెట్టుకుని నీళ్ళు తాగుతోంది. టీవీ చూస్తూ, నాన్న చేత మోకాళ్ళకు మర్దన చేయించుకుంటూనే, ఎవరికీ తెలియకుండా వ్యాయామం చేస్తోంది. ఇప్పుడైనా నాన్నకు చెప్పమంటే, "షెడ్యూలు అవనీ" అంది. ట్రంకుల సంగతి ఆదినారాయణగారికి ఏం చెబుతావంటే, "మోకాళ్ళనే చెబుతా" అంది. నేను తల బాదుకున్నాను.

బాదుకోవడానికి ఇంకా చాలా ఉందని నాకప్పుడు తెలియదు. బయల్దేరే రోజు పొద్దున సాగనంపుదామని గోడౌను దగ్గరికి వెళ్ళాను. ట్రంకులు బయట వరసగా పెట్టి ఉన్నాయి. కాస్ట్యూమ్స్ వ్యాను నడిపేది నాన్నే. వెనక తలుపులు తెరిచి నిలబడ్డాడు. ఆదినారాయణగారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన పక్కన కొత్తగా చేరిన అసిస్టెంటు, స్ఫూర్తి అనే అమ్మాయి, బ్యాగు తగిలించుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

"తెరెసమ్మా, నువ్వు ఇక్కడే ఉండిపో," అన్నారాయన మంచిగానే. "అక్కడన్నీ కొండలు, మెట్లు. స్ఫూర్తి చూసుకుంటుందిలే. రాజు పాపం నిన్న నాతో చెప్పుకుని బాధపడ్డాడు, నీ మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యట్లేదని."

నాన్న వ్యాను పక్కనుంచి అమ్మవైపు చూసి, తనేదో మేలు చేసినట్టు తలాడించాడు. నాకు ఆయన్ని అక్కడే పట్టుకుని కొట్టాలనిపించింది. అమ్మ పేరు, రాణులు, నాట్యగత్తెలు అంతా పోతోంది. అది కూడా రాని రోగం పేరుమీద.

అమ్మ చేతిలో పిన్నుల డబ్బా పక్కనున్న ట్రంకుమీద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని, అందరూ చూస్తుండగానే నేలమీద గొంతుకూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఆదినారాయణగారు టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయారు.

"మోకాళ్ళు గట్టిగానే ఉన్నాయండీ," అంది అమ్మ. "నాకు జారింది గర్భసంచి. డాక్టరుగారు లోపల రింగు పెట్టారు. నడుస్తాను, మెట్లెక్కుతాను, కుడతాను, రాత్రింబగళ్ళు పనిచేస్తాను. బరువొక్కటే ఎత్తకూడదు."

లైట్లవాళ్ళు, ప్రొడక్షన్ కుర్రాళ్ళు, అంతా ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. స్ఫూర్తి ఫోనులోంచి తలెత్తింది. ఆదినారాయణగారు ఎంత పెద్ద స్టారునైనా "కడుపు లోపలికి పట్టు" అని గదమాయించే మనిషి. ఎటు చూడాలో తెలియక గ్లాసులోకి చూశారు.

గ్లాసు కింద పెట్టి, "బరువొక్కటేనా?" అన్నారు.

"ఒక్కటే."

"అసలు ఈ ట్రంకులు నువ్వెందుకు ఎత్తుతున్నావమ్మా?" అని, ఆ ఇబ్బందంతా కుర్రాళ్ళ మీదికి తిప్పారు. "ఏరా, గుడ్లప్పగించి చూస్తారేంటి? ఎక్కించండి! స్ఫూర్తీ, నువ్వు కూడా వెళ్ళు, అమ్మ చెప్పింది చెయ్యి."

ఇంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పక్కకు తప్పుకోలేదు. ట్రంకులు దడదడా వ్యానెక్కాయి. ఈ మాత్రం దానికా వేసవంతా మా ప్రాణాలు తీసింది అని అమ్మను నిలదియ్యాలనుకున్నాను గానీ, ఆవిడ దోపుకున్న కొంగు తీసి ముఖం తుడుచుకుంటోంది. నేనే వెళ్ళి పిన్నుల డబ్బా తీసి చేతికిచ్చాను.

నాన్న మాత్రం వెనక తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ట్రంకులు ఎక్కించడం అయిపోయినా తలుపు వెయ్యలేదు. అమ్మ ముందు సీట్లో కూర్చున్నాక వచ్చి, స్టీరింగు మీద చేతులు పెట్టాడు. తాళం తిప్పలేదు. నేను కిటికీ పక్కనే ఉన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"కెజియా పుట్టినప్పటి నుంచి. మొదట్లో కొంచెమే."

నేను కిటికీ పట్టుకున్నాను. నాన్న కళ్ళనిండా నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది.

"నా పక్కనే పడుకుని, నాతో ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్ళూ నన్ను ఏమనుకున్నావే?"

"మొగుడనుకున్నాను," అంది అమ్మ. "బండి తియ్యండి, లేటవుతోంది."

నాన్న కళ్ళు తుడుచుకుని బండి తీశాడు. ఆ వీధి మలుపులో స్పీడ్ బ్రేకరు ఉంది. దాని ముందు వ్యానును దాదాపు ఆపేసి, ముందు చక్రాలు దించి, అమ్మవైపు తిరిగి చూసి, తర్వాత వెనక చక్రాలు దించాడు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టారు, ఒకడు తల బయటపెట్టి తిట్టాడు. నాన్న వినిపించుకోలేదు.